యమున వేసుకున్న రెండు గోళీలు

యమున పుట్టింది లింగాలలో. గద్వాల దిక్కు పల్లెకు కోడలిగా వచ్చిన కొత్తలో అక్కడి పత్తి చేను చూసి నవ్వుకుంది. వాళ్ళ ఊళ్ళో పత్తి అంటే విత్తనం పెట్టి, వాన కోసం చూసి, కాయ పగిలితే ఏరుకోవడమే. ఇక్కడ అట్లా కాదు. సీడ్ పత్తి. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలు గోటితో విప్పి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. తెల్లారాక మగ చెట్ల పూలు కోసుకొచ్చి ఆ మొగ్గలకు రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. సీజన్‌లో ఒక్క పూట మానినా ఆ పూట మొగ్గలన్నీ పోయినట్టే.

పని తొందరగానే పట్టుబడింది. వేళ్ళు సన్నవి, చూపు చురుకు. "నా కోడలు ముట్టుకున్న మొగ్గ రాలదు" అని అత్త బాలనాగమ్మ సాటి ఆడవాళ్ళతో అనేది. భర్త సుదర్శన్ నెమ్మదైన మనిషి. తండ్రి ఇచ్చిన పొలానికి తోడు పక్కవాళ్ళ చేను కౌలుకు పట్టి సీడ్ వేసేవాడు.

తొలి కాన్పుకు యమున లింగాల పోయింది. ఆడపిల్ల. వర్ష అని పేరు పెట్టారు. ఆ పిల్ల పుట్టిన తర్వాత యమునకు ఏదో అయింది. ఏమైందో ఆమెకే తెలియలేదు. పాలిచ్చేది, స్నానం చేయిస్తే చేసేది, అన్నం పెడితే తినేది. కానీ పక్కలో ఉన్న పాప ఏడిస్తే ఆ ఏడుపు గోడ అవతల, పక్కింట్లోంచి వస్తున్నట్టు వినపడేది. నిద్ర పట్టేది కాదు. మాట తగ్గిపోయింది. బాలింత గాలి సోకిందని తల్లి వెంకటమ్మ తాయెత్తు కట్టించింది. ఒక మధ్యాహ్నం పాపను బావి గట్టు మీద పడుకోబెట్టి, తానూ ఆ గట్టు మీదే కూర్చుని నీళ్ళలోకి చూస్తున్న కూతురిని వెంకటమ్మ చూసింది. కేక పెట్టలేదు. మెల్లగా వచ్చి ముందు పాపను ఎత్తుకుంది, తర్వాత కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ పూటే నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడి డాక్టరు తాయెత్తు సంగతి ఎత్తలేదు. ఇది కాన్పు తర్వాత కొందరికి వచ్చే జబ్బు అని, మందు ఉందని చెప్పాడు. గోళీలు మొదలుపెట్టిన కొన్ని వారాలకు పాప ఏడుపు యమున చెవికి దగ్గరగా వినపడింది. ఆ రోజు ఆమె ఏడ్చింది. అది మంచి ఏడుపే.

అత్తగారింటికి వచ్చాక ఆ మందు గద్వాలలో ఒక డాక్టరమ్మ దగ్గర కొనసాగింది. సుదర్శన్‌కు జబ్బు సంగతి, మందు సంగతి తెలుసు. బాలనాగమ్మకు మాత్రం "రక్తం పట్టే గోళీ" అని చెప్పారు. "నేను చెప్పేదాకా ఆపొద్దు. మళ్ళీ కాన్పు అనుకుంటే ముందే నాతో మాట్లాడండి" అని డాక్టరమ్మ ఇద్దరికీ గట్టిగా చెప్పింది.

వర్ష నడిచింది, మాట్లాడింది, అంగన్‌వాడీకి పోవడం మొదలుపెట్టింది. యమున మళ్ళీ చేలో అందరికంటే ముందు సాలులో ఉంటోంది. అప్పుడు సుదర్శన్ అడిగాడు.

"వర్షకు తోడు ఒకరుంటే మంచిగుంటది గదా. నీకు ఇప్పుడు మంచిగనే ఉన్నది."

"చూద్దాం తీ" అంది యమున.

ఆ చూద్దాం అన్న మాటను అతను సరే అనుకున్నాడు. ఆమె కాదనలేదు. కాదంటే ఎందుకు అని అడుగుతాడు. ఎందుకు అంటే ఆ బావి గట్టు గురించి చెప్పాలి. కూతురికి ఒంట్లో బాగాలేదని వెంకటమ్మ అతనికి చెప్పింది గానీ గట్టు సంగతి చెప్పలేదు. యమునా చెప్పలేదు.

ఊళ్ళో ఆశా కార్యకర్త జోగులమ్మ. యమున కంటే పెద్దది, ఎవరింటి గుట్టు వాళ్ళింట్లోనే వదిలేసి వచ్చే మనిషి. ఆమె దగ్గర యమున గర్భం రాకుండా వేసుకునే గోళీలు తీసుకోవడం మొదలుపెట్టింది. జొన్నల డబ్బాలో, జొన్నల అడుగున దాచుకునేది. "వేరే గోళీలేమన్నా మింగుతున్నవా" అని జోగులమ్మ మొదట్లోనే అడిగింది. "ఏం లేవక్కా" అంది యమున. గద్వాల డాక్టరమ్మా అదే అడిగింది. పక్కన సుదర్శన్ నిలబడి ఉన్నాడు. "ఏం లేవు మేడం" అంది.

అట్లా డాక్టరమ్మ ఇచ్చే మనసు గోళీ సంగతి మొగుడికి తెలుసు, రెండో గోళీ తెలియదు. రెండో గోళీ సంగతి జోగులమ్మకు తెలుసు, మొదటిది తెలియదు. రెండూ తెలిసింది యమునకు ఒక్కదానికే.

ప్రతి నెలా ఆమెకు ముట్టు వచ్చిందని తెలిసినప్పుడు సుదర్శన్ ఏమీ అనేవాడు కాదు. పశువులకు మేత వేసే నెపంతో బయటికి పోయేవాడు. ఆ వీపు చూడటం ఆమెకు కష్టంగా ఉండేది. అయినా సాయంత్రం కాగానే జొన్నల్లోకి చెయ్యి పెట్టేది.

వానాకాలం నడుస్తోంది. క్రాసింగ్ మొదలయ్యే ముందు జోగులమ్మ అంగన్‌వాడీలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడింది. ఆమెకు ఈ మధ్యే ట్రైనింగ్ అయింది. కాపర్ టీ గురించి, సూది గురించి, గోళీల గురించి చెప్పింది. చెబుతూ చెబుతూ, "ఇంకో మాట. ఫిట్స్‌కు, టీబీకి మందు మింగేటోళ్ళకు ఈ గోళీ సరిగ పనిచెయ్యదంట. కడుపు నిలుస్తదంట. గట్ల తలకు గిట్ల మందులు వాడుతుంటే నాకు చెప్పాలె, దాచొద్దు" అంది.

వెనక వరుసలో కూర్చున్న యమునకు ఆ ఒక్క మాటే పట్టుకుంది. తలకు వాడే మందు. ఆమె వాడేది తలకే కదా.

నలుగురి ముందు అడగలేదు. అందరూ లేచిపోయాక అడుగుదామనుకుంది. కానీ వర్ష కొంగు పట్టుకుని లాగుతోంది, పక్కింటి కాంతమ్మ వాకిట్లోనే నిలబడి మాట్లాడుతోంది. యమున ఇంటికొచ్చేసింది.

ఇన్నాళ్ళూ ఒకదాని పని ఒకటి చెడగొడుతుంటే తాను ఏమీ తెలియకుండా మింగుతూ ఉందన్నమాట. ఇప్పటిదాకా కడుపు నిలవకపోవడం కేవలం అదృష్టం. రేపు నిలిస్తే? మళ్ళీ కాన్పు, మళ్ళీ ఆ గోడ అవతలి ఏడుపు. రెండింట్లో ఒకటి ఆపాలి. ఏది? తనకిప్పుడు బాగానే ఉంది. బాగా లేకుండా చేసింది కాన్పు. కాన్పు రాకుండా ఉంటే ఆ జబ్బే రాదు. ఆమెకు లెక్క సరిగ్గానే తోచింది. ఆ సాయంత్రం నుంచి మనసు గోళీ మింగడం మానేసింది. పొద్దుకొకటి తీసి పొయ్యిలో వేసేది, సుదర్శన్ చూస్తే పట్టీలో తగ్గుతున్నట్టు కనపడాలని.

మొదట్లో ఏమీ కాలేదు. ఆమె ధైర్యం తెచ్చుకుంది. తర్వాత ఒక ఉదయం చేలో మగ పూల బుట్ట ఎత్తుకుని తల తిప్పినప్పుడు, తలలో సన్నటి కరెంటు కొట్టినట్టయింది. నిలబడింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ కొట్టింది. కళ్ళు తిప్పినా కొడుతోంది. నేల ఒక పక్కకు ఒరిగినట్టుంది. చెట్టు మొదలు పట్టుకుని కూర్చుంది. గట్టు పక్కన వాంతి చేసుకుంది.

సాలులో ఉన్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాంతమ్మ ముసిముసిగా నవ్వింది.

"ఎన్నో నెలనే?"

యమున కొంగుతో నోరు తుడుచుకుంది. "ఏం లేదక్కా. పొద్దుగాల ఏం తినలే" అంది.

ఆ మాట ఇల్లు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. బాలనాగమ్మ కోడలి నుదురు తడిమి చూసి, ఏమీ అడగకుండా ఇంత బెల్లం ముక్క చేతిలో పెట్టింది. సుదర్శన్ సాయంత్రం గద్వాల నుంచి బత్తాయిలు తెచ్చాడు. చాలా రోజుల తర్వాత అతను ఈల వేసుకుంటూ కాళ్ళు కడుక్కోవడం యమున వంటింట్లోంచి విన్నది.

రెండో గోళీల పట్టీలో చివరి వరుస ఎర్రగా ఉంటుంది. అవి మింగే రోజుల్లో ఆమెకు ముట్టు వచ్చేది. ఈసారి ఎర్ర గోళీలు అయిపోయాయి. రాలేదు.

ఆమెకు ఇప్పుడు అనుమానం లేదు. జోగులమ్మ చెప్పినట్టే అయింది. తాను మానేయక ముందే ఆ మందు ఈ మందును చెడగొట్టేసింది. వాంతులు, తల తిప్పడం, ముట్టు రాకపోవడం. ఇంకేం కావాలి. కొత్త పట్టీ చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. మింగాలా, వద్దా? కడుపులో బిడ్డ ఉంటే ఈ గోళీ ఆ బిడ్డను ఏం చేస్తుంది? బిడ్డ లేకపోతే, గోళీ మానేస్తే అప్పుడు కడుపు నిలుస్తుంది. ఒక రోజు మింగింది. ఒక రోజు మింగలేదు. మింగిన రోజు పాపం చేసినట్టు ఉండేది, మింగని రోజు భయంగా ఉండేది.

బాలనాగమ్మ ఆమెను చేలోకి పోవద్దంది. "ఈ ఎండల వంగి పని జేస్తే నిలుస్తదా? ఇంట్లనే ఉండు బిడ్డా. కూలోళ్ళను పెట్టుకుంటం." ఆ మాటలో ప్రేమే ఉంది. కానీ ఇంట్లో పని తొందరగా అయిపోయేది. తర్వాత ఏమీ ఉండేది కాదు. అందరూ చేలోకి పోయాక నాలుగు గోడల మధ్య యమున కూర్చుని ఉండేది. కన్నీళ్ళు వాటంతట అవే కారేవి. నిద్ర సరిగ్గా పట్టడం లేదు. పట్టినా పిచ్చి కలలు. చిన్న చప్పుడుకు ఒళ్ళు జలదరించేది. అన్నం చేదుగా ఉండేది. కూర మాడిపోతే ఆ మాడు వాసన తనకు తెలియలేదని, అత్త వచ్చి పొయ్యి ఆర్పాక తెలిసింది.

"రేపు స్కానింగ్‌కు పోదామా?" అని సుదర్శన్ అడిగాడు.

"తొందరేముంది. క్రాసింగ్ అయిపోనీ."

"నీ మొఖం మంచిగ లేదు యమునా."

"గిట్లనే ఉంటది ఈ దినాలల్ల. అత్తనడుగు."

ఇంట్లోవాళ్ళ నమ్మకానికి ఆమె తానే మద్దతు పలికినట్టయింది. చెప్పాక నాలుక కొరుక్కుంది. ఇప్పుడు కడుపు లేదంటే ఎందుకు లేదో చెప్పాలి. ఉందంటే దాన్ని మోయాలి. రెండు దారులూ మూసుకుపోయినట్టు తోచింది.

ఒక మధ్యాహ్నం వర్ష అంగన్‌వాడీ నుంచి వచ్చింది. ఎండలో నడిచొచ్చి చెంపలు ఎర్రబడ్డాయి. గడపలో నిలబడి "అమ్మా, నీళ్ళు" అంది. యమున వంటింట్లో గోడకానుకుని కూర్చుని ఉంది. "అమ్మా, నీళ్ళు" అని పిల్ల మళ్ళీ అంది. ఆ మాట యమునకు పక్కింట్లోంచి వినపడింది.

తల ఎత్తి చూసింది. పిల్ల ఎదురుగానే ఉంది. పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం గోడ అవతలి నుంచి వస్తోంది.

వెనక గదిలో పత్తికి కొట్టే మందు డబ్బాలు ఉన్నాయి. ఆ గది తలుపు వారగా తెరిచి ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటుంది. కానీ ఆ పూట ఆమె చూపు అటే పోయింది. తిప్పుకుంది. మళ్ళీ పోయింది. దానంతట అదే పోతోందని ఆమెకు తెలుస్తోంది. బావి గట్టు మీద కూర్చున్న రోజు కూడా ఇట్లాగే, తాను ఏమీ అనుకోకుండానే, కాళ్ళు తీసుకుపోయాయి.

యమున లేచింది. గోడ పట్టుకుని లేచింది. పిల్లకు నీళ్ళిచ్చింది. గ్లాసు సగం ఒలికింది. తర్వాత వర్ష చెయ్యి గట్టిగా పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. తలుపు కూడా వెయ్యలేదు. చెప్పులు తొడుక్కోలేదు. రోడ్డు కాలుతోంది.

"యాడికమ్మా?" అంది వర్ష.

"జోగులమ్మ అవ్వోళ్ళింటికి."

నడుస్తుంటే తలలో కరెంటు కొడుతూనే ఉంది. వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది. పిల్ల నొప్పి పుడుతోందన్నాక చెయ్యి కొంచెం వదులు చేసింది గానీ వదిలిపెట్టలేదు.

జోగులమ్మ అప్పుడే అన్నానికి కూర్చుంది. యమున ముఖం, ఒట్టి కాళ్ళు చూసి కంచం పక్కకు జరిపింది. వర్షను తన కోడలితో పెరట్లోకి పంపి, తలుపు దగ్గరికి వేసింది.

"అక్కా, నన్ను ఒంటిగ ఇడిచిపెట్టకు" అంది యమున. అంత మాత్రమే అనగలిగింది. తర్వాత కొంచెంసేపటికి మిగతాది చెప్పింది. ఒక వరుసలో రాలేదు. గద్వాల డాక్టరమ్మ, పొయ్యిలో వేసిన గోళీలు, బావి గట్టు, వెనక గది.

జోగులమ్మ విన్నంతసేపూ ఆమె చెయ్యి పట్టుకునే ఉంది.

"నేను చెప్పింది ఫిట్స్ గోళీల సంగతే. నీది గదేనో కాదో నాకు తెల్వదు బిడ్డా. తెలుస్తే చెప్తుంటి. గోళీ బంద్ చేసే ముందు నన్నొక మాట అడగక పోతివి."

"అందరున్నరు అక్కా."

"అవు. అందరున్నరు." జోగులమ్మ లేచి కొంగు నడుముకు చుట్టుకుంది. "పా. రేపు మాపు కాదు. ఇప్పుడే పోదం."

"ఆయనకు?"

"ఆయనకు నేను ఫోన్ చేస్త. దవాఖానకు రమ్మంట. ఎందుకనేది నువ్వే చెప్పుకోవాలె. నేను చెప్పను."

వర్షను తన కోడలి దగ్గర ఉంచింది. ఇద్దరూ ఆటో ఎక్కి గద్వాల దారి పట్టారు. రెండు పక్కలా పత్తి చేలు, చేలల్లో వంగిన ఆడవాళ్ళు. యమున కళ్ళు మూసుకుంది. మూసుకున్నా తిప్పుతోంది. జోగులమ్మ భుజం ఆమె భుజానికి ఆని ఉంది.

సుదర్శన్ బండి మీద వాళ్ళకంటే ముందే చేరాడు. చేలోంచి అట్లాగే వచ్చాడు. చేతులకు పచ్చటి ఆకు మరక, చొక్కాకు పుప్పొడి. కడుపు పోయిందనుకున్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైంది? రక్తం గిట్ల పోతుందా?" అని జోగులమ్మను అడిగాడు.

"ముందు డాక్టరమ్మను కలువు అయ్యా" అంది ఆమె.

డాక్టరమ్మ యమునను చూడగానే ఎదురుగా ఉన్నవాళ్ళను పంపేసి లోపలికి పిలిచింది. సుదర్శన్ కూడా వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. కడుపుతో ఉందని అతనే చెప్పాడు. డాక్టరమ్మ పరీక్ష చేయించింది. పరీక్ష పట్టీ మీద ఒక్కటే గీత వచ్చింది. అనుమానం లేకుండా రక్తం కూడా తీసుకున్నారు. దాని ఫలితం వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చున్నారు. సుదర్శన్ లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు. యమున రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా ఉంది. చివరికి మళ్ళీ లోపలికి పిలిచారు.

"కడుపు లేదమ్మా" అంది డాక్టరమ్మ.

సుదర్శన్‌కు అర్థం కాలేదు. "మరి ఈ వాంతులు? ముట్టు రాకపాయె గద మేడం."

డాక్టరమ్మ యమున వైపు చూసింది. "గోళీలు మింగుతున్నవా?" అని అడిగింది.

"సుదర్శన్‌ను బయటికి పంపమంటావా?" అని కూడా మెల్లగా అడిగింది.

యమున నేల చూసింది. పంపమంటే పంపుతుంది. లోపల ఈమెకు చెప్పి, బయట అతనికి ఇంకోటి చెప్పొచ్చు. మళ్ళీ ఎవరికేం తెలుసో గుర్తుపెట్టుకోవాలి. ఆ బరువు ఇక మోయలేననిపించింది.

"ఉండనీ మేడం" అంది.

తర్వాత చెప్పింది. మధ్యలో ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది. జొన్నల డబ్బాలో గోళీల సంగతి చెప్పినప్పుడు సుదర్శన్ తల ఎత్తాడు. మనసు గోళీ ఆపేశానని చెప్పినప్పుడు ఒక అడుగు ముందుకు వేశాడు. బావి గట్టు గురించి, వెనక గది తలుపు గురించి చెప్పినప్పుడు అక్కడే ఆగిపోయాడు.

డాక్టరమ్మ మందలించలేదు. "చచ్చిపోవాలని ఉందా ఇప్పుడు?" అని సూటిగా అడిగింది.

"లేదు. కానీ చూపు అటే పోతుంది."

"అది చెప్పినవు చూడు, అది మంచి పని చేసినవు."

కుర్చీ దగ్గరికి జరుపుకుని వివరంగా చెప్పింది. ఫిట్స్‌కు వాడే కొన్ని మందులు, టీబీకి వాడే మందు గర్భం రాకుండా చేసే గోళీ బలాన్ని తగ్గిస్తాయి. జోగులమ్మ విన్నది నిజమే. కానీ యమున వాడే మనసు గోళీ అట్లాంటిది కాదు. ఆ రెండూ కలిపి వేసుకోవచ్చు. ఒకటి ఇంకోదాన్ని చెడగొట్టదు. "కానీ ఏం వాడుతున్నవో నాకు తెలియాలి. ఎందుకంటే రేపు నేను మందు మార్చొచ్చు. అన్ని మందులూ ఒకటి కాదు. ఇంకోటి, కొంతమందికి ఈ గర్భం గోళీతోనే మనసు దిగులుగా అయితది. నీకు అట్ల అయితుందేమో కూడా నేను చూడాలె గదా."

"మరి ఈ తల తిప్పుడు?"

"మనసు గోళీ ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు తట్టుకోదమ్మా. తలల కరెంటు కొట్టినట్టుంటది, వాంతులొస్తయి, నిద్ర పట్టదు. అందరూ కడుపు అనుకున్నరు, నువ్వూ అనుకున్నవు. ఆ గోళీలు మింగేటప్పుడు ఒక నెల ముట్టు రాకపోవుడు కూడా ఉంటది. మనసు ఇంత పరేషాన్‌లో ఉన్నప్పుడు ఇంకా ఉంటది."

అప్పుడు సుదర్శన్ వైపు తిరిగింది. "ఇంటికి పోంగనే ఆ మందు డబ్బాలు ఇంట్లోంచి తీసెయ్యండి. తాళం కాదు, ఇంట్లోనే ఉండొద్దు. కొన్ని రోజులు ఈమెను ఒంటరిగా ఉంచొద్దు. చూపు ఎక్కువగా అటు పోతే ఏ పూటైనా సరే తీసుకురండి. చేర్చుకుంటాం."

సుదర్శన్ తల ఊపి బయటికి పోయాడు. జోగులమ్మ లోపలికొచ్చి యమున పక్కన కూర్చుంది. మందులు తీసుకుని బయటికొస్తే అతను కనపడలేదు. బండి కూడా లేదు.

"పోయిండక్కా" అంది యమున.

"వస్తడు."

"రాడేమో."

ఇద్దరూ దవాఖాన గేటు దగ్గర నిలబడ్డారు. ఆటోలు వచ్చి పోతున్నాయి. ఒక ఆటో అతను ఎక్కమని పిలిచాడు. జోగులమ్మ వద్దని చెయ్యి ఊపింది. ఎండ తగ్గుతోంది. చేలో ఇది మొగ్గలు విప్పే వేళ. సుదర్శన్ అటే పోయాడేమో, పోతే తప్పు కూడా కాదనుకుంది యమున. తన వల్ల పూట పని పోయింది.

అతను బస్టాండు వైపు నుంచి వచ్చాడు. బండి ఆపి దిగలేదు. హ్యాండిల్ పట్టుకుని ముందుకే చూస్తూ అడిగాడు.

"నాకెందుకు చెప్పలే?"

యమున బండి దగ్గరికి వచ్చింది.

"నేను నిన్ను కొట్టిన్నా, తిట్టిన్నా? ఒక్క మాట చెప్తే అయిపోవు గద."

"చెప్తే నువ్వు సరే అందువు" అంది ఆమె. "సరే అని, నెల నెల పశువుల కొట్టంలకు పోయి నిలబడుదువు. అది చూడలేక చెప్పలే."

సుదర్శన్ అప్పుడు ఆమె ముఖంలోకి చూశాడు. కోపం పోలేదు. కానీ ఇంకేదో వచ్చి దాని పక్కన నిలబడింది.

"ఆ బావి సంగతి మీ అమ్మ కూడా చెప్పలే" అన్నాడు. "చెప్తే నేను ఇంకో పిల్ల అని అడుగుతుంటినా?"

జోగులమ్మ ఆటోలో ఊరికి పోయింది. యమున బండి వెనక కూర్చుంది. ఎప్పుడూ ఒక చెయ్యి భుజం మీద వేసేది. ఆ పూట వేయాలా వద్దా తెలియక సీటు అంచు పట్టుకుంది. గుంతల దగ్గర అతనే వెనక్కి చెయ్యి పెట్టి ఆమె చెయ్యి తీసి తన భుజం మీద వేసుకున్నాడు. ఊళ్ళో జోగులమ్మ ఇంటి దగ్గర ఆగి వర్షను ఎక్కించుకున్నారు.

బండి దిగగానే సుదర్శన్ వెనక గదిలోకి పోయి డబ్బాలన్నీ ఒక సంచిలో వేశాడు. ఎక్కడికి రా అని బాలనాగమ్మ అడిగితే, చేలో గుడిసెకు తాళం వేసి పెడతానన్నాడు. తర్వాత తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాడు. కడుపు లేదన్న మాట దగ్గర ఆమె ముఖం ముడుచుకుంది. రక్తం గోళీ రక్తం గోళీ కాదన్న దగ్గర లేచి నిలబడింది.

"ఇన్నేండ్లు నాకు అబద్ధం చెప్పిన్రు" అంది. "ఇద్దరు కలిసి చెప్పిన్రు."

ఆమె చాలా రోజులు కోడలితో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకు జరిగేది. కానీ యమునను ఒక్కదాన్ని ఇంట్లో వదిలి చేలోకి మాత్రం పోలేదు. వాకిట్లో కూర్చుని పప్పు బాగు చేసేది, చేటలో బియ్యం చెరిగేది, మధ్య మధ్య లోపలికి తొంగి చూసేది. ఒక సాయంత్రం మాత్రం వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆ గోళీలు నాకు చూపియ్యి. ఏది ఏందో చెప్పు."

యమున రెండు పట్టీలూ చేతిలో పెట్టింది. బాలనాగమ్మ తిప్పి తిప్పి చూసింది. మనసు గోళీ పట్టీ వెనక్కిస్తూ "ఇది మర్చిపోకు" అంది. రెండోది పట్టుకునే ఉంది. కొంచెంసేపటికి దాన్ని కూడా ఇచ్చి లోపలికి పోయింది.

గోళీలు మళ్ళీ మొదలుపెట్టాక తలలో కరెంటు తొందరగానే ఆగింది. మనసు మాత్రం అంత తొందరగా రాలేదు. కొన్ని వారాలు చాలా కష్టంగా గడిచాయి. ఒకసారి సుదర్శన్ పని మధ్యలో వదిలేసి ఆమెను మళ్ళీ గద్వాల తీసుకుపోవాల్సి వచ్చింది. డాక్టరమ్మ మందు కొంచెం పెంచింది. ఆ సీజన్ క్రాసింగ్ చివరి భాగం కూలీలతోనే అయింది. చేను అనుకున్నంత పండలేదు. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట ఎత్తలేదు.

జోగులమ్మ తర్వాతి సమావేశంలో ఆడవాళ్ళకు చెప్పింది, ఏ గోళీ సంగతైనా నలుగురి ముందు చెప్పనక్కర్లేదని, తానే ఇంటికి వస్తానని. ఎవరి పేరూ ఎత్తలేదు. ఆ సాయంత్రం ముగ్గురు ఆమె ఇంటికి పోయారని యమునకు తెలిసింది. వాళ్ళెవరో ఆమె అడగలేదు, జోగులమ్మ చెప్పలేదు.

ఇప్పుడు యమున మళ్ళీ చేలో పనిచేస్తోంది. రెండు గోళీలూ వంటింటి అల్మారాలో అందరికీ కనపడే చోట ఉంటాయి. రెండో పిల్ల సంగతి ఇంకా తేలలేదు. మొన్న డాక్టరమ్మ దగ్గర సుదర్శనే ఆ మాట ఎత్తాడు. కాన్పు కావాలంటే ముందు నుంచి మందు ఎట్లా చూసుకోవాలో, కాన్పయ్యాక ఎట్లా కనిపెట్టుకుని ఉండాలో ఆమె చెప్పింది. కావాలో వద్దో మీరు తేల్చుకోండి అంది.

బయటికొచ్చాక సుదర్శన్ అడిగాడు.

"నీకేమనిపిస్తుంది?"

యమున చూద్దాం అనలేదు.

"నాకు భయమైతుంది" అంది. "ఇప్పుడైతే వద్దు. వచ్చే ఏడు ఏమంటనో తెల్వదు."

"సరే" అన్నాడు అతను. ఆ సరేలో నొప్పి ఉందని ఆమెకు వినపడింది. అతను దాన్ని దాచలేదు. ఇద్దరూ బండి దగ్గరికి నడిచారు.